నిలువురాళ్ల నుండి ధాతుపేటిక వరకు

కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో పిప్రాహ్వా స్తూపపు రాతిపేటిక ఉంది. 1898లో డబ్ల్యు. సి. పెప్పే స్తూపగర్భం నుండి దీనిని వెలికితీశారు. బుద్ధధాతువులను పేర్కొనే బ్రాహ్మీ శాసనం గల పాత్ర అందులోనే లభించింది. తెలుగునేలపై ‘రాక్షసగుళ్లు’ చూసినవారికి ఈ పేటిక ముందు ఒక సందేహం కలుగక మానదు. రాతిగదిలో అస్థులను నిక్షేపించిన పూర్వాచారమే స్తూపానికి మూలమా?

పోలికలు స్పష్టమే. బృహత్ శిలా సమాధులలో అనేకం, శరీరం శిథిలమైన పిమ్మట ఏరి తెచ్చిన అస్థులకు కట్టినవి. ఎరుపు-నలుపు మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు వాటి వెంట ఉంచేవారు. పైన రాళ్లగుట్ట, చుట్టూ రాతివలయం. అమరావతిలో అలెగ్జాండర్ రీ 1908-09 తవ్వకాలలో మహాచైత్యానికి చేరువనే అస్థిభాండాలు బయల్పడ్డాయి. నాగార్జునకొండ లోయలోనూ విహారాలతో పాటు ప్రాచీన సమాధులు లభించాయి.

అయితే సామీప్యం వేరు, వంశక్రమం వేరు. సమాధి మూసివేసిన గది. స్తూపం ప్రదక్షిణకు తెరచిన పుణ్యస్థలం. పితృదేవతల నేలను బౌద్ధులు గౌరవించి ఎంచుకొన్నారా, లేక నీరు, రాయి, బాట ఉన్నచోటికే ఇరువురూ వచ్చారా? దీనిని తేల్చగలిగేది వస్తువు కాదు, అది ఉన్న స్థానం.

ఆ స్థానమే ముందుగా నశిస్తుంది. అమరావతి దిబ్బను పద్దెనిమిదవ శతాబ్దాంతంలో కట్టడపు రాతికై తవ్వారు. 1816లో కాలిన్ మెకంజీ బృందం సర్వే చేసేనాటికి నడిభాగం గొయ్యిగా మారింది. కొన్ని శిల్పాలు కలకత్తా చేరాయి. వాటి సౌందర్యం మిగిలినది. అమరిక మాత్రం చిత్రపటాలలోనే వెదకవలసి వచ్చినది.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణాతీరాన, నిలువురాళ్లు నేటికీ తమ చోటనే నిలిచి ఉన్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. గ్రామస్థులు అక్కడ ఒక రాతిని ఎల్లమ్మగా కొలుస్తారు. దర్శించేవారు ఉదయమో సాయంకాలమో వెళ్లడం మేలు. ఏటవాలు వెలుగులో వరుసలు, రాతిపై గుంటలు చక్కగా కనబడతాయి. పెంకునైనా ఏరరాదు, చిన్నరాయినైనా కదపరాదు. ఫోటో తీసిన దిక్కును, నిలిచిన చోటును వెంటనే రాసుకోవాలి.

ధాతువులకు ప్రదక్షిణ చేసే భిక్షువునకు ఈ నియమం కొత్త కాదు. చుట్టూ నడవడం, ముట్టకుండుట.