రెండు హైదరాబాదులు - ఒక జ్వరం

రోగం బలహీనులనే పీడిస్తుందనీ, దృఢకాయులకు జ్వరం నాలుగు రోజుల ముచ్చట మాత్రమేననీ విద్యార్థులలో పలువురి నమ్మకం. అది ఎంత ప్రమాదకరమో తెలుపుటకు టైఫాయిడ్ ఒక్కటే చాలు.

సాల్మొనెల్లా సూక్ష్మజీవులలో అనేక రకాలున్నవి. ఆరోగ్యవంతులలో అవి చాలావరకు ప్రేగులకే పరిమితమై, విరేచనాలు కలిగించి తొలగిపోతాయి. టైఫాయిడ్ కారకమైన సాల్మొనెల్లా టైఫీ అట్టిది కాదు. కలుషితమైన నీటితోను, ఆహారంతోను లోనికి వచ్చి, చిన్నప్రేగు గోడను దాటి, తనను సంహరించవలసిన రక్షక కణాలలోనే దాగుకొంటుంది. కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలలో వృద్ధి చెంది రక్తంలో వ్యాపిస్తుంది. సాధారణంగా ఒకటి నుండి మూడు వారాలకు జ్వరం బయటపడుతుంది. దీనికి కండబలం అడ్డుగోడ కాజాలదు. చికిత్స లేనిచో ప్రేగుకు రంధ్రం పడి ప్రాణాపాయం కలుగవచ్చు.

1948లో క్లోరాంఫెనికాల్ ఈ రోగానికి ఔషధమైంది. కాని మందుల వాడకం విచ్చలవిడి అయినకొద్దీ సూక్ష్మజీవి వాటికి లొంగకుండుట నేర్చింది. 2016లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో, మన హైదరాబాదు పేరే గల నగరంలో, అయిదు తరగతుల మందులకు లొంగని టైఫాయిడ్ చెలరేగింది. నోటి ద్వారా ఇచ్చే మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే ఆధారంగా మిగిలింది. 2018లో అక్కడి పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసినదే. ఒక హైదరాబాదు ఆపదకు మరొక హైదరాబాదు విజ్ఞానం అండగా నిలిచింది.

ఇక మన సంగతి. పరీక్షల ముందు జ్వరంతోనే తరగతికి వచ్చే విద్యార్థులను మేము ఏటా చూస్తున్నాము. దుకాణంలో నాలుగు మాత్రలు కొని మింగి, జ్వరం తగ్గగానే మానివేస్తారు. ఇది తగదు. మూడు రోజులు దాటిన జ్వరాన్ని వైద్యునికి చూపాలి. యాంటీబయోటిక్ మింగకముందే రక్తం ఇచ్చి కల్చర్ పరీక్ష చేయించాలి; మింగిన తరువాత సూక్ష్మజీవి పరీక్షకు దొరకకపోవచ్చు. వైడాల్ పరీక్ష ఒక్కదానినే నమ్మరాదు. వైద్యుడు చెప్పినన్ని రోజులూ మందు వాడాలి.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: త్రాగునీటి తొట్టిని క్రమం తప్పక శుభ్రం చేయించండి, మరుగుదొడ్ల వద్ద సబ్బు ఉంచండి. వజూ నీరు నిర్మలంగా ఉండాలని పట్టుబట్టే మనం త్రాగే నీటి విషయంలో ఉదాసీనత వహించడం న్యాయమా?