చేప పసిఫిక్‌ది.. తిండి విశాఖది!

'ముఖచిత్రానికి మంచి రంగుల చేప చూడు. గురువారం సాయంత్రానికల్లా కాపీ ఇచ్చెయ్యాలి' అన్నారు ఎడిటర్‌గారు. రంగుల మాటకొస్తే మాండరిన్ తర్వాతే ఏ చేపయినా. నీలం ఒంటి మీద నారింజ చారలు మెలికలు తిరిగి ఉంటాయి, మధ్యమధ్య ఆకుపచ్చ మెరుపులు. ఫొటో చూడగానే ఆర్ట్ విభాగం వాళ్లు పేజీ మొత్తం దానికే రాసిచ్చేశారు. నాకు మాత్రం ఈ చేప వ్యాపారం మీద మొదట్నుంచీ గుర్రే. ఇళ్లలో చచ్చిపోయే మాండరిన్లలో చాలావాటిని చంపేది రోగం కాదు, ఆకలి.

ఎంవీపీ కాలనీలో ఓ మిత్రుడి హాల్లో సముద్రపు నీళ్ల ట్యాంకు ఉంది. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేలెడంత చేప. మిగతావాటిలా ఈదులాడదు, కింది రెక్కల మీద రాయిని పట్టుకుని నడిచినట్టు జరుగుతుంది. ఆగుతుంది. పైకి పొడుచుకొచ్చిన కళ్లతో రాతి పగులును పరీక్షగా చూస్తుంది. చటుక్కున మూతి ముందుకు సాగి వెనక్కి పోతుంది. ఏం తిన్నదో మన కంటికి ఆనదు. మళ్లీ ఓ అంగుళం, మళ్లీ తనిఖీ. మందుల షాపుకొచ్చిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కూడా అంత ఓపిగ్గా చూడడు. మిత్రుడు గుళికల మేత చల్లాడు. క్లౌన్ చేపలు ఎగబడ్డాయి. ఒక గుళిక సరిగ్గా మాండరిన్ మూతి ముందే పడింది. అది తప్పుకుని రాయి వైపు పోయింది.

మరి ఏం తింటుంది? దీనికి జవాబు శాస్త్రవేత్త వైవోన్ సడోవీ బృందం 2001లో రాసిన పరిశోధన పత్రంలో దొరికింది. హార్పాక్టికాయిడ్ కోపెపాడ్లనే నలుసంత జీవులు, పాలీకీట్ పురుగులు, చిట్టి నత్తలు, గామరిడ్ ఆంఫిపాడ్లు, చేప గుడ్లు, ఆస్ట్రాకాడ్లు.. ఇదీ వరస. పగలంతా తన తావులో తిరుగుతూ వీటిని ఒక్కొక్కటిగా ఏరుకుంటుంది. రోజుకు రెండుసార్లు మేత వేసి చేతులు దులుపుకుంటే దీనికి చాలదన్నమాట.

ఈ జాబితా విశాఖవాళ్లకు పాతదే. మాండరిన్ మన బంగాళాఖాతంలో లేదు. జపాన్ దక్షిణ దీవుల నుంచి ఆస్ట్రేలియా దాకా పశ్చిమ పసిఫిక్ దాని నివాసం. కానీ దాని తిండి బంధువులు మన గడప ముందే ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం జువాలజీ విభాగానికి చెందిన పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు కలిసి 1962లో వాల్తేరు ఇసుక రేణువుల సందుల్లో బతికే జీవుల మీద పత్రం ప్రచురించారు. పదేళ్ల తర్వాత ఏ.ఎల్.ఎన్. శర్మ, గణపతి ఇదే తీరంలో రాళ్లకు పట్టిన నాచుల్లో కాపురముండే ప్రాణుల లెక్క తీశారు. అప్పటికి మన ఊళ్లో రీఫ్ ట్యాంకు అన్న ఊహ కూడా ఎవరికీ ఉండి ఉండదు. మత్స్యదర్శిని ఆక్వేరియంలో రంగుల చేపలు చూసి మురిసిపోయే మనం, ఆ చేపల అన్నం లెక్కగట్టిన మాస్టార్లను ఎంతమంది తలుచుకుంటాం?

నమ్మకం కుదరకపోతే ఆటు వేళ తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి వెళ్లండి. గుంతలో నీళ్లను తెల్ల పళ్లెంలోకి తీసుకుని, నాచు గుప్పెడు అందులో జాడించి అక్కడే వదిలేయండి. నీళ్లు తేరుకున్నాక టార్చి వేస్తే దుమ్ము కదిలినట్టు కనిపిస్తుంది. ఆ దుమ్ములో కొన్ని నలుసులు ఉండుండి తుళ్లిపడతాయి. అవే కోపెపాడ్లు, ముద్దుగా పాడ్లు. ఆడవాటి తోక మొదట్లో గుడ్ల సంచి భూతద్దంలో స్పష్టంగా తెలుస్తుంది.

చూసి సముద్రంలోనే పోసేయండి. మురుగు కలిసిన నీళ్లు, తెలియని పరాన్నజీవులు ఇంటికొస్తే ట్యాంకు గోవిందా. అక్టోబరు, నవంబరుల్లో ఉత్తరాది నదుల వరదనీరు తీరం వెంబడే దిగివస్తుంది. అప్పుడు విశాఖ సముద్రంలో ఉప్పు కిలో నీటికి 30 గ్రాముల కన్నా తగ్గుతుంది. రీఫ్ ట్యాంకుకు కావాల్సింది 35. హార్బరు నీళ్ల సంగతి ఎత్తకపోవడమే మంచిది.

కాబట్టి పాడ్లను పెంచుకోవాలి. టిస్బే, టిగ్రియోపస్ రకాలు అందుకు అనువైనవి. గాజు జాడీ, ఉప్పు సరిచూసిన నీళ్లు, మెల్లగా బుడగలొదిలే గాలి గొట్టం, లేత ఆకుపచ్చ రంగు వచ్చేదాకా నానోక్లోరాప్సిస్ నాచు.. ఇంతే సరంజామా. నీళ్లు తేటపడితే నాచు మళ్లీ పోయాలి. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పన్నెండో దశలో పెద్దదవుతుంది. టిస్బేకి రెండు వారాలు చాలు. ఒక జాడీ ఎప్పుడో చెప్పకుండా చెడిపోతుంది, అందుకే రెండోది తప్పనిసరి. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లకు ఇదేం కొత్త విద్య కాదు. కీటోసెరాస్ నాచు, ఆర్టీమియా పొదిగించడం వాళ్లకు రోజువారీ పనే. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) కేంద్రం గ్రూపర్ చేప పిల్లలను పుట్టించినప్పుడూ వాటి తొలి మేతల్లో కోపెపాడ్లు ఉన్నాయి. ఇంత విద్య ఊళ్లో ఉండి, పాడ్ల సీసా కోసం పైఊళ్ల కొరియర్ వైపు చూడటం నాకు చిన్నతనంగానే తోస్తుంది.

మాండరిన్ చరిత్ర నాలుగు ముక్కల్లో: 1927లో ఆల్బర్ట్ హెర్రే ఫిలిప్పీన్స్ చేపను చూసి శాస్త్రీయనామం పెట్టారు. అక్కడి జాలర్లు కొన్నిచోట్ల సూది మొనల చిట్టి ఈటెలతో వీటిని పట్టేవారు. కంటికింపుగా ఉండే పెద్ద మగవాటికే గిరాకీ. 2010లో అమెరికా సంస్థ ఓఆర్ఏ తొట్టెల్లో పుట్టిన మాండరిన్లను అమ్మకానికి తెచ్చింది.

ఈ నీలం అసలుది

చేపల్లో నీలం సాధారణంగా కాంతి చేసే గారడీ. మాండరిన్‌లో మాత్రం నిజంగానే నీలి వర్ణకం ఉన్న కణాలున్నాయని జపాన్ శాస్త్రవేత్తలు 1995లో తేల్చారు. ఒంటికి పొలుసులుండవు, చేదైన జిగురు ఉంటుంది. పొద్దుగూకే వేళ ఆడా మగా పొట్టలు ఆనించుకుని పైకి లేచి గుడ్లు వదులుతాయి.

కొనేవాళ్లకో మాట

ట్యాంకు 300 లీటర్లకు తగ్గకూడదు, నడవడం మొదలై కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది కావాలి. పాడ్లు దాక్కోవడానికి రాళ్లు పుష్కలంగా ఉండాలి. పగడపు రాళ్లు మాత్రం తీరం నుంచి తేవద్దు. రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. నీటి వేడి 27 డిగ్రీలు దాటకూడదు, అంటే మన వేసవిలో నీళ్లు చల్లబరిచే చిల్లరు, కరెంటు పోతే దానికో ఏర్పాటు. రెండు మగవి కలిస్తే యుద్ధమే. సిక్స్‌లైన్ రాస్ చేప ఉంటే పాడ్లన్నీ అదే ఊడ్చేస్తుంది. పొట్ట లోపలికి నొక్కుకుపోయి తల పెద్దదిగా కనిపించే చేపను ముట్టుకోవద్దు. 'ఏదేసినా తింటుంది సార్' అని షాపువాడు అంటే, మీ కళ్లముందే తినిపించమనండి. తినకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకుని ఇంటికెళ్లండి.