నీట మునుగువాని బరువు

బావినుండి నీరు చేదిన ప్రతివారికిని ఒక సంగతి తెలియును. బొక్కెన నీటిలోపల నున్నంతసేపు త్రాడు చేతికి తేలికగా నుండును. అది నీటిమట్టమును విడిచి పైకి రాగానే భుజములు గుంజును. బొక్కెన మాఱలేదు, అందలి నీరును మాఱలేదు. లోపల నున్నపుడు చుట్టునున్న నీరు దానిని మోయుచుండెను, అంతే. ఒక వస్తువు ఎంత నీటిని తొలగించి చోటు చేసికొనునో అంత నీటి బరువు దానికి తగ్గునని ఆర్కిమిడీస్ అను గ్రీకు పండితుడు రెండువేల రెండువందల యేండ్ల క్రిందటనే తెలిపెను. తన గాలిని తానే మోసికొని నీటిలోనికి దిగువాడు ఒంటిమీది బరువును ఎట్లు సరిచూచుకొనును, తన సామానును ఎట్లు తగిలించుకొనును అనునది నేటి నా ప్రసంగ విషయము. దానికి మూలమంతయు ఈ బొక్కెనలోనే యున్నది.

బొగ్గుగనుల నడుమ నున్న బసంత్‌నగర్ వానికి సముద్రములో మునుగువాని గొడవ యేల యని పెద్దలు అడుగవచ్చును. గాలిని మూటగట్టి మోసికొనిపోవు మనుష్యులు మా ప్రాంతమునకు క్రొత్త కాదు. రామగుండమున సింగరేణి సంస్థవారి గని రక్షణ కేంద్రము గలదు. గనిలో నిప్పు రగిలి విషవాయువు క్రమ్మినపుడు లోనికి బోవు దళమువారు వీపున ఒక పెట్టెను ధరింతురు. అందు చిన్న ప్రాణవాయువు సిలిండరు, విడిచిన ఊపిరిలోని చెడుగాలిని పీల్చుకొను సున్నపు డబ్బా, ఊపిరిని చల్లబఱచుటకు మంచుగడ్డ ఉండును. ఇట్టి యంత్రములలో పేరుపడిన జర్మను డ్రేగరు బి.జి. 4 అనునది ఇంచుమించు 15 కిలోలు తూగును. నాలుగు గంటలు పనిచేయును. గనిలో గాలి మనిషిని మోయదు గనుక ఆ 15 కిలోలును భుజములమీదనే. అక్కడి చింత బరువును ఎట్లు తగ్గింతుమా యని. నీటిలోనో, బరువు తగ్గిపోవుటయే చిక్కు.

గనివాని పెట్టెయు మునుగువాని సిలిండరును ఒక కుదుటిబిడ్డలే. ఇంగ్లండులో సెవర్న్ నది క్రింద రైలుకొఱకు త్రవ్వుచున్న సొరంగము 1879 అక్టోబరులో నీట మునిగెను. లోపల వెయ్యి అడుగుల దూరమున నున్న ఇనుప తలుపును మూసిననేగాని నీరు తోడుట సాధ్యము కాకుండెను. 1880 నవంబరులో లాంబర్టు అను మునుగువాడు దిగెను. ఆ కాలపు దుస్తులు ఎట్టివనగా రాగి శిరస్త్రాణము, ఱొమ్మున వీపున సీసపు దిమ్మలు, సీసపు అడుగుల పాదరక్షలు. అన్నియు కలిపి ఇంచుమించు 80 కిలోలు. పైనుండి పంపు గొట్టముద్వారా గాలి వచ్చును. లాంబర్టు ఆ చీకటిలో శిథిలములమీదుగా నడచి తలుపునకు కొంత దూరమున ఆగిపోయెను. అతనిని ఆపినది బరువు కాదు, తేలిక! గాలి నిండిన గొట్టము నీటిలో తేలి, సొరంగపు కప్పునకు ఒరసికొని, ఎంత లాగినను రాకపోయెను.

అప్పుడు హెన్రీ ఫ్లూస్ అనువాడు తాను క్రొత్తగా చేసిన యంత్రమును తెచ్చెను. దానికి గొట్టము లేదు. ప్రాణవాయువు వీపుననే యుండును. దానిని ధరించి లాంబర్టు రెండు మాఱులు వెళ్లి, అడ్డమున్న పట్టాలను ఊడబెఱికి, తలుపు మూసి వచ్చెను. పిమ్మట కొలది కాలమునకే ఆ ఫ్లూసు యంత్రము బొగ్గుగనులలో రక్షణకు దిగెను. నేటి గని రక్షకుని పెట్టెకు అదియే పూర్వరూపము. నేడు స్కూబా యని పిలుచు పరికరము వేఱొక శాఖ. దానిని 1943లో ఫ్రాన్సుదేశమున కూస్తో, గాన్యాన్ అను నిరువురు సిద్ధపఱచిరి. అందు వాడునది ప్రాణవాయువు కాదు, అదిమిన మామూలు గాలి.

ఇక లెక్కకు వత్తము. దుస్తులతో సామానుతో కలిసి 100 లీటర్ల చోటు ఆక్రమించు మనిషిని మంచినీరు 100 కిలోల మేరకు మోయును. ఉప్పునీరు అంతకంటె చిక్కన గనుక 102 కిలోలన్నర మోయును. కావున మన ఎల్లంపల్లి జలాశయమున సరిగా మునిగినవాడు అదే సామానుతో విశాఖపట్టణపు ఋషికొండ వద్ద దిగిన తేలిపోవును. రెండున్నర కిలోల సీసము అదనముగా కట్టవలెను. సీసమే యేల, రాయి కూడదా యందురేమో. నల్లరాయి నీటిలో తన బరువున మూడవవంతునకు పైగా పోగొట్టుకొనును. సీసము పోగొట్టుకొనునది పదునొకండవ వంతు మాత్రమే. చిన్న బిళ్ల చాలును.

అయితే ఈ లెక్క ఒకచోట నిలువదు. సాధారణముగా వాడు అల్యూమినియపు సిలిండరునందు 200 రెట్లు అదిమిన గాలి బరువే రెండున్నర కిలోలకు పైబడును. పీల్చినకొలది అది తఱిగిపోవును. దిగునపుడు మునుగజూచిన సిలిండరు తిరిగివచ్చునపుడు తేలజూచును. రబ్బరు దుస్తులు దీనికి విరుద్ధము. వానిలో సన్నని గాలిబుడగలుండును. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలై ఆ బుడగలు సగమునకు కుంచించుకొనిపోవును. పైన తేలించిన దుస్తులే లోతున తేలింపజాలక పోవును. ఈ తేడాను పూరించుటకు మునుగువాడు గాలి నింపుటకును వదలుటకును వీలైన ఒక కోటు తొడుగుకొనును.

క్రొత్తవారు చేయు తప్పు ఇచ్చటనే. మునుగలేకపోదుమేమో యను బెదరుతో నడుమునకు సీసము ఎక్కువగా కట్టుకొందురు. అధికమైన సీసమును మోయుటకు కోటులో అధికమైన గాలి నింపవలసివచ్చును. పైకి వచ్చుచున్నపుడు ఆ గాలి ఉబ్బును. 10 మీటర్ల నుండి మట్టమునకు వచ్చుసరికి రెండింతలగును. ఉబ్బినకొలది వేగము, వేగమునుబట్టి మఱింత ఉబ్బు. ఊపిరి బిగబట్టి అట్లు ఎగసివచ్చిన ఊపిరితిత్తులే చినుగును. తగిన బరువేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష గలదు. కోటులో గాలి లేకుండ, మామూలుగా ఊపిరి పీల్చి నిలిచినపుడు నీరు కన్నులమట్టమున నుండవలెను. ఊపిరి విడిచినపుడు తల మెల్లగా మునుగవలెను. నిండు సిలిండరుతో పరీక్షించినచో, తఱిగిపోవు గాలికి మాఱుగా రెండు రెండున్నర కిలోలు చేర్చవలెను.

సామాను తగిలించుకొను విద్యను మనవారిలో గౌడులకంటె చక్కగా నెఱిగినవారు లేరని నా తలంపు. తాటిచెట్టెక్కువాని మోకును ముస్తాదును చూడుడు. గీత కత్తి ఎచ్చట నుండవలెనో అచ్చటనే యుండును. కన్ను చూడకయే చేయి దానిని అందుకొనును. లొట్టి ఊగి మట్టకు తగులుకొనదు. మునుగువానికిని ఇదే సూత్రము. ఎంత గాలి మిగిలినదో తెలుపు గడియారము, తోడివానికి అందీయవలసిన రెండవ నోటిగొట్టము, టార్చి, చాకు, ఇవి వ్రేలాడరాదు. వ్రేలాడినది వలలోనో తీగలోనో చిక్కును. గుహలలో మునుగువారు మఱొక జాగ్రత్త చేయుదురు. ఇనుప కొక్కెమును ఇనుప కడియమునకు నేరుగా బిగింపరు. నడుమ సన్నని త్రాడు ముక్క కట్టుదురు. కొక్కెము పట్టుకొనిపోయిన చాకుతో త్రాడు కోసికొనవచ్చును.

సిలిండరు వీపుననే యుండవలెనను నియమమును లేదు. ఇఱుకైన దారులలో దానిని రెండు ప్రక్కలకు కావడి కుండలవలె కట్టుకొందురు. ఒకదానినుండి కొంత, రెండవదానినుండి కొంత పీల్చుచు ఇరువైపుల తూకము కాపాడుకొందురు. 2018 జులైలో థాయిలాండు గుహనుండి పండ్రెండుగురు బాలురను వారి శిక్షకుని వెలికిదెచ్చిన బ్రిటిషు మునుగువారిలో ఈ పద్ధతివారు గలరు. అదే సంవత్సరము డిసెంబరు 13న మేఘాలయమున క్సాన్ వద్ద బొగ్గుగనిలోనికి నీరు చొచ్చి పదునేవురు చిక్కుకొనగా, మన విశాఖపట్టణమునుండి నౌకాదళపు మునుగువారు వెళ్లిరి. అక్కడి నీటి లోతు మనిషి దిగదగిన మేరను మించియుండెను. బొరియలు ఎలుకలకు తగినంతవి. తుదకు మఱుసటి నెలలో యంత్రపు కన్నును పంపి శవమును కనుగొనిరి. గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో 2003 జూన్ 16న చొచ్చిన నీటికి 17 మంది బలియైరి. అందుచేత ఆ క్సాన్ వార్తలను మా వైపువారు పరాయివార్తలుగా వినలేదు.

మునుగువాని నడికట్టునందు నేను మిక్కిలి మెచ్చునది దాని బిగింపు. ఎంత గట్టిగా నున్నను ఒక్క చేతితో ఒక్క మాఱు లాగిన ఊడి, సీసమంతయు జాఱిపోవును. అపాయమున మనిషి పైకి తేలును. మన యూళ్లలో బావిలో బడిన వస్తువునకో మనిషికో దిగు ఈతగాడు ఒక్కొక్కప్పుడు నడుమునకు రాయి కట్టుకొని దిగుచుండును. ఆ త్రాడు తడిసి బిగిసినచో ముడి గోళ్లకు రాదు. పూర్వము మన్నారు సింధుశాఖలో ముత్యపుచిప్పలకు మునుగువారు రాతిని ఒంటికి కట్టుకొనలేదు. రాతికి వేఱొక త్రాడు కట్టి, దానిపై పాదముంచి దిగి, అడుగు తగులగానే విడిచివేసెడివారు. పడవలోనివాడు రాతిని పైకి లాగికొనెడివాడు. బావిగట్టుననున్న పెద్దలు ఈతగానికి అట్టి రాతినే యిచ్చి, దాని త్రాటికొసను తమ చేత నుంచుకొనవచ్చును. ఈతగాని ఒంటికి కట్టు త్రాడు పైకి లాగుటకు మాత్రమే.