వసంతంలో గడ్డకట్టే చలి: అపోహలు – వాస్తవాలు

2013 మార్చి 31. ఈస్టర్ ఆదివారం. స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో ఉష్ణోగ్రత మైనస్ 12.5 డిగ్రీలకు పడిపోయింది. బ్రిటన్ రికార్డుల్లో అంత చల్లటి ఈస్టర్ ఆదివారం అంతకుముందు లేదు. వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్కలో అక్కడ మార్చి, ఏప్రిల్, మే నెలలు వసంతం. ఆ ఏడాది బ్రిటన్‌లో ఆ మూడు నెలల సగటు 6 డిగ్రీలే. 1962 తర్వాత బ్రిటన్ చూసిన అతి చల్లటి వసంతం అదే.

అపోహ: ఇంత చలి వేసిందంటే భూతాపం ఉత్త మాటే.

వాస్తవం: బ్రిటన్‌కు వెచ్చదనం అట్లాంటిక్ మీదుగా వీచే పడమటి గాలుల నుంచి వస్తుంది. ఆ మార్చిలో ఉత్తర ధ్రువం వైపు వాయుపీడనం బాగా పెరిగి, ఆ గాలులు నీరసించాయి. వాటి బదులు తూర్పుగాలి వీచి, రష్యా, స్కాండినేవియాల మీది చలిని మోసుకొచ్చింది. అదే నెలలో గ్రీన్‌లాండ్ పడమటి తీరం మామూలు కంటే వెచ్చగా ఉంది. భూగోళమంతా కలిపి చూసినా ఆ మార్చి సగటు కంటే వేడిదే. చలి చోటు మారిందే తప్ప భూమి చల్లబడలేదు. పైగా, అదే బ్రిటన్‌లో 2024 వసంతం రికార్డు వేడిని నమోదు చేస్తే, 2025 వసంతం దాన్నీ దాటేసింది. ఒక్క చల్లటి మార్చిని పట్టుకుని వాదించేవాళ్లు ఈ రెండేళ్ల ఊసెత్తరు.

అపోహ: వసంతం చల్లగా ఉందంటే, అంతకుముందు శీతకాలం ఇంకా కఠినంగా ఉండి ఉంటుంది.

వాస్తవం: మధ్య ఇంగ్లండ్‌లో 2013 మార్చి సగటు 2.7 డిగ్రీలు. దానికి ముందరి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడూ అంతకంటే వెచ్చగానే గడిచాయి.

అపోహ: వందల ఏళ్లనాటి ఉష్ణోగ్రతలు ఊహించి రాసుకున్నవి.

వాస్తవం: మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రతల పట్టిక 1659 నుంచి నెలనెలా ఉంది. థర్మామీటరుతో కొలిచిన లెక్కల్లో ప్రపంచంలో ఇంత పొడవైనది మరొకటి లేదు. పాత డైరీలు, పరిశీలకుల పుస్తకాలు వెతికి దీన్ని కూర్చింది బ్రిటిష్ వాతావరణ శాస్త్రజ్ఞుడు గోర్డన్ మాన్లీ. లోపాలు లేవని కాదు. తొలిరోజుల్లో చాలామంది థర్మామీటరును ఆరుబయట కాకుండా, నిప్పు వెలిగించని గదిలో పెట్టేవారు. అందుకే ఆ దశాబ్దాల అంకెలు మోటుగా ఉంటాయి. మరో తిరకాసు క్యాలెండరుది. 1752 దాకా బ్రిటన్ పాత క్యాలెండరునే వాడింది కాబట్టి తేదీలన్నీ జరిపి లెక్క సరిచేయాల్సి వచ్చింది. ఈ పట్టికలో అతి చల్లటి వసంతం 1837ది, సగటు సుమారు 5.6 డిగ్రీలు. అప్పటికి థర్మామీటర్లు చాలా మెరుగుపడ్డాయి. కాబట్టి ఆ అంకెను కొట్టిపారేయడం కుదరదు.

అపోహ: ఇలాంటి చలి వెనక అగ్నిపర్వతం ఉండే తీరుతుంది.

వాస్తవం: 1815లో ఇండోనేసియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలాక, 1816లో యూరప్‌కు వేసవే లేకుండా పోయిన మాట నిజం. ఆ కథ బాగా వ్యాపించడంతో చలేస్తే చాలు అగ్నిపర్వతం గుర్తొస్తుంది. 2013 చలికి అలాంటి పేలుడేమీ అక్కర్లేదు, గాలుల దారి మారితే చాలు.

అపోహ: మార్చి వచ్చాక చలి పెద్దగా హాని చేయదు.

వాస్తవం: ఈ మాట గొర్రెల కాపరుల దగ్గర అనకూడదు. బ్రిటన్‌లో మార్చి, ఏప్రిల్ గొర్రెలు ఈనే కాలం. 2013 మార్చి 22 నుంచి కురిసిన మంచు ఉత్తర ఐర్లండ్, కంబ్రియా, ఐల్ ఆఫ్ మాన్‌లలో ఈదురుగాలికి గుట్టలుగా పేరుకుంది. వాటి కింద తల్లులూ, అప్పుడే పుట్టిన పిల్లలూ వేల సంఖ్యలో చచ్చిపోయాయి. పచ్చిక ఆలస్యంగా మొలవడంతో, బతికినవాటికి మేత కొనక తప్పలేదు.