‘ఎప్పుడూ అంతేనా?’ అంటే ఏం చెబుతారు?

క్యాంపస్ ఇంటర్వ్యూలో నాకు ఎదురైన ప్రశ్న ఇది. ‘ఒకే పీడనం, ఒకే ఉష్ణోగ్రత దగ్గర రియల్ గ్యాస్ ఘనపరిమాణం ఐడియల్ గ్యాస్ కంటే ఎక్కువా, తక్కువా?’ ‘తక్కువ సార్, అణువుల మధ్య ఆకర్షణ ఉంటుంది కదా’ అన్నాను ధీమాగా. ‘ఎప్పుడూ అంతేనా?’ అన్నారాయన. నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

పీవీ ఈక్వల్స్ ఎన్‌ఆర్‌టీ అని ఇంటర్ నుంచీ బట్టీ పట్టినవాళ్లమే మనమంతా. అందులో రెండు అబద్ధాలున్నాయి. అణువులకు సొంత పరిమాణం లేదన్నది ఒకటి, వాటి మధ్య ఆకర్షణ లేదన్నది రెండోది. మామూలు వాతావరణ పీడనం దగ్గర వీటితో పెద్ద ఇబ్బంది రాదు. పీడనం పెంచితేనే బండారం బయటపడుతుంది. 1873లో వాండర్ వాల్స్ తన పరిశోధన వ్యాసంలో సరిదిద్దింది ఈ రెండింటినే.

సీఎన్‌జీ కారునే తీసుకోండి. సిలిండర్ 60 లీటర్లు, పీడనం 200 బార్, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. లోపల ఉన్నది మీథేనే అనుకుని ఐడియల్ సూత్రంతో లెక్కేస్తే 7.8 కిలోలు పట్టాలి. నిజానికి దాదాపు 9 కిలోలు పడుతుంది. ఆకర్షణ వల్ల అణువులు దగ్గరకు జరిగాయి, చోటు మిగిలింది. కంప్రెసిబిలిటీ ఫ్యాక్టర్, అదే జడ్, 1 కంటే తక్కువన్నమాట.

ఇప్పుడు హైడ్రోజన్ కారు చూడండి. ట్యాంకులో 700 బార్. 15 డిగ్రీల దగ్గర లీటరుకు 59 గ్రాములు ఉండాలంటుంది సూత్రం. ఉండేది 40 గ్రాములే! సూత్రాన్ని నమ్మి ట్యాంకు డిజైన్ చేస్తే మూడో వంతు ఇంధనం కాగితం మీదే మిగిలిపోతుంది. హైడ్రోజన్‌లో ఆకర్షణ చాలా బలహీనం. అంత ఒత్తిడిలో అణువుల సొంత పరిమాణమే అడ్డుపడుతుంది. జడ్ సుమారు 1.46కి చేరుతుంది. ఇంకా గట్టిగా నొక్కితే మీథేన్ కూడా 1 దాటుతుంది.

కాబట్టి ఆ ప్రశ్న ఎదురైతే నాలా తొందరపడకండి. ‘ఏ గ్యాస్ సార్? ఎంత పీడనం, ఎంత ఉష్ణోగ్రత?’ అని అడగండి. మెకానికల్ వాళ్లయితే మరీను, ఇది గేట్ సిలబస్‌లోనే ఉంది. జడ్ గ్రాఫ్ ఒకసారి చేత్తో గీసి చూసుకోండి, పీడనం పెరిగేకొద్దీ ముందు దిగి, తర్వాత ఎక్కే ఆ గీత.

ఆ వెంటనే బాయిల్ టెంపరేచర్ అడుగుతారేమో. తక్కువ పీడనాల్లో రియల్ గ్యాస్ కూడా దాదాపు ఐడియల్ గ్యాస్‌లా నడుచుకునే ఉష్ణోగ్రత అది. నైట్రోజన్‌కి సుమారు 327 కెల్విన్.