ఎవరి ఆటవార్త వారికే

ఒకప్పుడు ఇంటికి వచ్చు వార్తాపత్రిక ఒక్కటే. అందులోని ఆటల పుటను తాతగారు చదివిన పిమ్మట తండ్రి, తండ్రి చదివిన పిమ్మట పిల్లలు చదివెడివారు. అందరి కన్నుల యెదుట ఉన్నది ఒకే పుట. క్రికెట్టు కొరకు ఆ పుట తెరచిన పిల్లవాని కంటికి హాకీ, బాడ్మింటను, చదరంగము కూడ పడెడివి. నేడు ఇంటిలోని నలుగురు ఒకే క్రీడావార్తల వెబ్‌సైటును తెరచినను, నలుగురికి నాలుగు వేర్వేరు పుటలు కనబడుచున్నవి. ఈ మార్పు ఎట్లు జరుగుచున్నదో, దీనివలన మన పిల్లలకు కలుగు మేలేమో, మనము జాగ్రత్త వహింపవలసిన తావులేవో మన పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులకు విన్నవింపవలెనని మా సంకల్పము.

ఈ కథ మనవంటి వారి అక్కరతోనే మొదలైనది. 1993లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండిన సైమన్ కింగ్ అను బ్రిటిషు దేశస్థుడు క్రిక్‌ఇన్ఫో అను సేవను ప్రారంభించెను. అమెరికా పత్రికలలో క్రికెట్టుకు చోటు లేదు. చదువులకై అచ్చటికి వెళ్లిన భారతీయులు మొదలైనవారు స్వదేశపు స్కోరు తెలియక తహతహలాడెడివారు. అట్టివారు పలువురు స్వచ్ఛందముగా కూడి, ఆట వివరములను బంతి బంతికి కంప్యూటరు ద్వారా ఒకరికొకరు అందజేసికొనిరి. పరభాషల నడుమ నివసించువారికి తమ వారి వార్త ఎంత తీపియో బెంగళూరు, హోసూరు, బరంపురము, షోలాపూరులలో తరతరములుగా కాపురమున్న మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

కొందరి అక్కర తీర్చుటకు పుట్టిన ఆ సేవ క్రమముగా పెద్ద సంస్థల చేతులలోనికి పోయినది. 2003లో దానిని విజ్డెన్ సంస్థ కొనెను. 2007లో ఇ.ఎస్.పి.ఎన్. కొనెను. ఈ ఇ.ఎస్.పి.ఎన్. 1979లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున బ్రిస్టల్ పట్టణములో క్రీడల టెలివిజనుగా ప్రారంభమై, 1995లో వెబ్‌సైటును కూడ తెరచినది. మన పిల్లలు క్రికెట్టు స్కోరుకై చూచు క్రిక్‌ఇన్ఫో నేడు ఈ సంస్థ పేరుతో కలిసియే వ్యవహరింపబడుచున్నది. కావున ఆ సంస్థ తన దేశములో ఏ క్రొత్త పద్ధతులను ప్రవేశపెట్టుచున్నదో తెలిసికొనుట మనకు నిష్ప్రయోజనము కాదు. అచ్చట నేడు వచ్చిన పద్ధతి ఇచ్చటికి రేపు రావచ్చును.

2025 ఆగస్టు 21వ తేదీన ఇ.ఎస్.పి.ఎన్. అమెరికాలో తన యాప్‌ను క్రొత్త సదుపాయములతో విడుదల చేసెను. వానిలో మొదటిది, ప్రతి అభిమానికి వేరువేరుగా కూర్చబడు దినవార్తా ప్రసారము. అభిమాని ఎన్నుకొన్న జట్లను, ఆటలను అనుసరించి కృత్రిమ మేధ దృశ్యములను ఏర్చి కూర్చును. ఆ సంస్థ వార్తలు చదువువారి కంఠమును పోలిన కృత్రిమ స్వరము వానిని వినిపించును. రెండవది, వ్రేలితో పైకి త్రోయుకొలది ఒకదాని వెంట ఒకటి వచ్చు చిన్న చిన్న నిలువు వీడియోలు. మూడవది, టెలివిజనులో చూచుచున్న ఆటకు సంబంధించిన గణాంకములు అదే సమయమున చేతిలోని ఫోనునందు కనబడు ఏర్పాటు. పందెముల వివరములు, వస్తువుల విక్రయము కూడ ఆ యాప్‌లోనే జోడింపబడినవి.

ఇట్టి పుట ఒక్కొక్కరికి వేరుగా ఎట్లు తయారగును? దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది, మనము నోరు విడిచి చెప్పినది. నచ్చిన జట్టు, ఆట, భాష ఏవని యాప్ అడుగును. మనము గుర్తు పెట్టుదుము. టాస్ వేసినప్పుడు, వికెట్టు పడినప్పుడు, ఆట ముగిసినప్పుడు మాత్రమే కబురు పంపుమని కోరవచ్చును. రెండవది, మనము చెప్పకున్నను అది గమనించినది. ఏ వార్తను తెరచితిమి, ఏ వీడియోను చివరివరకు చూచితిమి, దేనిని దాటవేసితిమి, ఏ వేళ చూచితిమి అనునవి లెక్కలోనికి వచ్చును. మనవలెనే చూచు ఇతరులు తరువాత ఏమి చూచిరో కూడ పోల్చి, అదే మనకును నచ్చునని ఊహించి ముందుంచును. మొదటి మార్గమున ఎన్నుకొనువారము మనము. రెండవ మార్గమున ఎన్నుకొనునది యంత్రము. తల్లిదండ్రులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన భేదము ఇదియే.

మొదటి మార్గమువలన కలుగు మేలు తక్కువది కాదు. విశేషించి మన భాషకు అది మేలు చేయుచున్నది. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ సంస్థ తెలుగు చానెలును ప్రారంభించెను. 2023లో ఐ.పి.ఎల్. పోటీలను జియో సినిమా యాప్ తెలుగుతో కూడ 12 భాషలలో ప్రసారము చేసెను. చెన్నైలో నున్నను, బళ్లారిలో నున్నను తెలుగు వ్యాఖ్యానమును ఎన్నుకొని వినుటకు వీలు కలిగినది. కాని ఈ ఎంపిక దానంతట అది రాదు. పలు యాప్‌లు మొదట ఫోనులోని భాషను, మనమున్న ప్రదేశమును బట్టి భాషను నిర్ణయించును. తెలుగు కావలయునన్న మనమే అమరికలలోనికి పోయి కోరవలెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత ఇచ్చట అక్షరాల వర్తించును. తెలుగు ఎన్నుకొనువారు తగ్గినచో, దానిపై వ్యయము చేయుటకు సంస్థలకును ఉత్సాహము తగ్గును.

ఇక రెండవ మార్గమును చూతము. పురుషుల క్రికెట్టునే చూచు బాలునికి యంత్రము మరల మరల పురుషుల క్రికెట్టునే వడ్డించును. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన మహిళలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి మొట్టమొదటిసారి ప్రపంచకప్పును గెలిచిరి. ఆ జట్టులో కడప జిల్లాకు చెందిన శ్రీచరణి ఉన్నది. అంతటి వార్త ఎవరి పుటకైనను చేరి యుండును. కాని అంతకంటె చిన్న వార్తల సంగతి యేమి? వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునుండి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెలిచెను. కోనేరు హంపి 2019లోను, 2024లోను ప్రపంచ రాపిడ్ చదరంగపు కిరీటము ధరించెను. యానామునకు చేరువనున్న అమలాపురపు యువకుడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్పును తొలిసారి గెలిచిన భారత బాడ్మింటను జట్టులో ఉండెను. వీరి పేర్లు వెదకని పిల్లవానికి వీరి వార్త తానై రావలెను. పాత పత్రికలో అది పక్క నిలువుటక్షరములలో వచ్చెడిది. క్రొత్త పుటలో ఆ పక్క నిలువు లేదు.

ఇచ్చట మనము మనలను గూర్చియే ఒక మాట అనుకొనవలెను. చుట్టునున్న పెద్ద భాషల నడుమ మన వార్త మరుగున పడుట ఎట్లుండునో మనకు తెలియును. అట్టి మనము మన పిల్లల పుటనుండి ఇతరుల వార్త మరుగున పడుటను సహింపరాదు. బెంగళూరులో పెరుగుచున్న తెలుగు బాలుడు బెంగళూరు జట్టును అభిమానించుట సహజము; అతని తాతగారు హైదరాబాదు జట్టును అభిమానించుటయు సహజమే. ఒకే పుటను చదివిన కాలమున వీరిద్దరు రాత్రి భోజనమువేళ వాదులాడుకొనెడివారు. ఎవరి పుట వారిదైనచో వాదమునకైనను తావు లేకపోవును.

ధనమునకు సంబంధించిన ప్రమాదము మరియొకటి కలదు. ఆటవార్తల ప్రక్కనే పందెపు పిలుపులు వచ్చుట అనేక దేశములలో వాడుకయైనది. మన దేశములో 2025 ఆగస్టున పార్లమెంటు ఆమోదించిన చట్టము ధనమొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను, వాని ప్రకటనలను నిషేధించెను. అట్లే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని, పిల్లల నడవడిని వెంబడించి గమనించుట, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపుట కూడదని చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, దశలవారీగా అమలులోనికి వచ్చునట్లు ఏర్పాటైనవి. అయినను పిల్లవాడు తండ్రి ఫోనులో, తండ్రి పేరుతో చూచునప్పుడు యంత్రమునకు కనబడునది తండ్రియే. చట్టము ఇంటి గడపదాక వచ్చును; లోపల కాపు కాయవలసినవారము మనమే.

కావున తల్లిదండ్రులకు మా విన్నపములు ఐదు. పిల్లలతో కూర్చుండి యాప్ అమరికలను ఒకమారు కలిసి చూడుడు. తెలుగు ఉన్నచోట తెలుగును ఎన్నుకొనుడు. నచ్చిన జట్టుతో పాటు ఎన్నడును చూడని ఆట నొకదానిని, మహిళల జట్టు నొకదానిని చేర్పింపుడు. కబురులను ఆట ఫలితమునకు మాత్రమే పరిమితము చేసి, చదువువేళ మాన్పింపుడు. వారమునకు ఒకనాడైనను అచ్చు పత్రికలోని ఆటల పుటను ఇంటిల్లిపాది చదువుడు.

దూరముననున్న కొందరు తమవారి వార్తకై చేయి చేయి కలిపి నిర్మించుకొన్నది తొలినాటి క్రిక్‌ఇన్ఫో. దాని బలము ఒకరు చూచినది పదిమందికి చెప్పుటలో నుండెను. నేటి పుట పదిమందిని పది గదులలో కూర్చుండబెట్టుచున్నది. ఆ గదుల తలుపులు తెరచియుంచు పని యంత్రము చేయదు. భోజనపు పీటల యొద్ద "ఈరోజు నీ పుటలో ఏమి వచ్చినది?" అని పిల్లలను అడుగుటతో ఆ పని ఆరంభమగును.