ఆజ్ఞ వేరు, సమాచారం వేరు!

పిల్లలూ! మీ బడికి ఒక వెబ్‌సైటు ఉందనుకుందాం. అందులోని గడిలో పేరు రాస్తే మార్కులు కనబడతాయి. మార్కులన్నీ దాచి ఉంచే చోటును డేటాబేస్ అంటారు. దానితో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. మీరు రాసినదాన్ని అందుకుని డేటాబేస్‌కు చేరవేసేది పీహెచ్‌పీ వంటి స్క్రిప్టు భాషలో రాసిన ప్రోగ్రాము.

మీరు గడిలో రవి అని రాశారు. ప్రోగ్రాము ఆ పేరును తన వాక్యంలో అతికించి ఇలా పంపుతుంది:

పేరు = 'రవి' అయిన వారి మార్కులు చూపు.

పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో డేటాబేస్‌కు తెలిపేవి ఆ రెండు కొటేషన్ గుర్తులే. ఇప్పుడొక ఆకతాయి గడిలో రవి' లేదా '1'='1 అని రాశాడనుకోండి. వాక్యం ఏమవుతుంది?

పేరు = 'రవి' లేదా '1'='1' అయిన వారి మార్కులు చూపు.

రవి తరువాతి గుర్తుతో పేరు ముగిసిపోయింది. మిగిలినదంతా ఆజ్ఞలో కలిసిపోయింది! ఒకటి ఎప్పుడూ ఒకటికి సమానమే కదా? కనుక ప్రతి విద్యార్థీ ఆ షరతుకు సరిపోతాడు. అందరి మార్కులూ బయటపడతాయి. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు.

ఇది ఉత్త ఊహ కాదు. 2015 అక్టోబరులో బ్రిటన్‌లోని టాక్‌టాక్ అనే టెలిఫోన్ సంస్థ నుంచి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు ఇదే దారిన దొంగల పాలయ్యాయి. మరుసటి ఏడు ఆ సంస్థకు 4,00,000 పౌండ్ల జరిమానా పడింది. విచారకరమైన సంగతేమంటే, దీనికి విరుగుడు అప్పటికే అందరికీ తెలుసు!

ఏమిటా విరుగుడు? ప్రధానోపాధ్యాయులు అటెండరుకు ఒక కవరు ఇచ్చి, "ఇందులో ఉన్న పేరును రిజిస్టరులో వెతికి, దాని ఎదుట ఉన్న మార్కులు రాసుకురా" అన్నారనుకోండి. కవరులో "రిజిస్టరంతా పట్టుకురా" అని ఉన్నా అటెండరు దాన్ని ఆజ్ఞగా తీసుకోడు. ఆ పేరు గల విద్యార్థి కోసమే వెతికి, ఖాళీ చేతులతో తిరిగివస్తాడు.

పీహెచ్‌పీలోని పీడీఓ అనే సాధనం ఇదే చేస్తుంది. పేరు ఉండవలసిన చోట ? గుర్తు పెట్టి, ఆజ్ఞను ముందు 'ప్రిపేర్' చేయాలి. ఆ గుర్తు చుట్టూ కొటేషన్లు ఉండకూడదు. తరువాత 'ఎగ్జిక్యూట్' చేసేటప్పుడు పేరును అందించాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో పీడీఓ మామూలుగా ఆ ఖాళీని తానే జాగ్రత్తగా పూరించి పంపుతుంది. రెండూ నిజంగా విడివిడిగా వెళ్లాలంటే 'ఎమ్యులేట్ ప్రిపేర్స్' అనే అమరికను ఆపివేయాలి.

ఒక హెచ్చరిక. ? గుర్తు విలువలకే పనికివస్తుంది. పట్టిక పేరునో, గడి పేరునో దానితో మార్చలేం. వాటిని మనం ముందే రాసిపెట్టుకున్న జాబితా నుంచి మాత్రమే ఎంచుకోవాలి.

మీ సొంత కంప్యూటరులో చిన్న పట్టిక తయారుచేసి, రెండు పద్ధతులనూ పోల్చి చూడండి. ఇతరుల వెబ్‌సైట్ల మీద మాత్రం ప్రయోగాలు వద్దు! అది 2000 నాటి ఐటీ చట్టం కింద నేరం. తాళం ఎలా విరుగుతుందో తెలుసుకోవలసింది గట్టి తాళం చేయడానికే కదా!